రివర్స్ చాచా

మానుకోట నుంచి ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను జనగామలో మా గేటు ముందు నిలబడి పక్కింటివాళ్ళ మీద అరుస్తున్నాను. వాళ్ళు కొత్త కారు కొన్నారు. దానికి వెనక కెమెరా ఉంది, రెండు దిక్కులా అద్దాలున్నాయి, గోడ దగ్గరికి పోతే కుయ్యికుయ్యిమనే యంత్రం కూడా ఉంది. ఇన్ని ఉండి కూడా ఆ ఇంటాయన బండిని తెచ్చి మా గోడకే రాశాడు. ఆయన భార్య కుడికి అంటుంది, తమ్ముడు ఎడమకు అంటాడు, ఎదురింటి రిటైర్డ్ సారు అరుగు మీంచి కదలకుండానే రానియ్ రానియ్ అంటాడు. "ఎవలన్న ఒక్కలే చెప్పుండ్రి!" అని నేను గొంతు చించుకుంటుంటే ఫోన్ మోగింది. మా పాత వాడకట్టులో ఉండే ఒకావిడ. "టీచరమ్మా, మన రివర్స్ చాచా పోయిండు" అన్నది.

నాకు ఏడుపు రావాలి కదా. రాలేదు. ఫోన్ చెవికి పెట్టుకునే నవ్వాను. పక్కింటావిడ నన్ను వింతగా చూసింది. ఏం చేయను? ఆ మనిషిని తలచుకుంటే నాకు ముందు వచ్చేది ఉషారు. ఏడుపు సాయంత్రం వచ్చింది, వంటింట్లో, ఎవరూ చూడనప్పుడు.

ఆయనకు రేషన్ కార్డు మీద ఒక పేరుండేది. ఆ పేరు చెప్తే మానుకోటలో ఎవరూ గుర్తుపట్టరు. రివర్స్ చాచా అంటే స్టేషన్ దగ్గరి ఆటోవాళ్ళ నుంచి మార్కెట్ యార్డులో హమాలీల దాకా అందరూ దారి చూపిస్తారు. నలభై ఏళ్ళు లారీ క్లీనర్‌గా చేశాడు. డ్రైవర్ కాలేదు, కావాలనీ అనుకోలేదు. స్టీరింగ్ పట్టుకోవడం రాదు. "ముంగటికి పోవుడు ఎవనికైనా వస్తది బిడ్డా, ముంగట రోడ్డు కనపడతది గదా" అనేవాడు. తన పని వెనక్కి. మిర్చి సీజన్లో యార్డు నిండి, రెండు లారీల నడుమ మనిషి కూడా దూరలేని సందులోకి మూడో లారీని తెచ్చిపెట్టించడం ఆయన పని. వయసు మీదపడి యార్డుకు పోవడం మానేశాక కూడా ఎవరింట్లో పెళ్ళికి డీసీఎం వ్యాను వచ్చినా, ఎవరైనా కొత్తగా ట్రాక్టర్ కొన్నా ముందు ఆయన కోసం మనిషిని పంపేవాళ్ళు.

పొట్టి మనిషి. గళ్ళ లుంగీ, భుజం మీద తువ్వాల, చంకలో ఒక చెక్క దిమ్మ. ఆ దిమ్మ టైరు కింద పెట్టడానికి. బండి ఆగి, ఇంజను బందై, దిమ్మ టైరు కింద పడేదాకా చాయ్ ముట్టడు, ఎవరు బతిమిలాడినా సరే. ఎడమ చేతికి మూడే వేళ్ళుండేవి. ఆ చెయ్యి పైకెత్తితే ఎంత పెద్ద బండైనా ఆగాల్సిందే.

ఆయనకు కొన్ని పట్టింపులుండేవి. కుడి ఎడమ అనే మాటలు నోట రానిచ్చేవాడు కాదు. డ్రైవర్ కుడి వేరు, ఎదురుగా నిలబడ్డవాడి కుడి వేరు, ఆ గడబిడలో గోడలు కూలుతాయి అనేవాడు. అందుకని పని మొదలుపెట్టే ముందు డ్రైవర్‌ను కిందికి దింపి, చెయ్యి పట్టుకొని జాగా అంతా తిప్పేవాడు. ఇది నల్లా దిక్కు, ఇది మోరీ దిక్కు అని పేర్లు పెట్టేవాడు. ఆ తర్వాత నల్లా దిక్కు అంటే నల్లా దిక్కే. రెండో పట్టింపు, తాను అద్దంలో కనపడాలి. "నేను అద్దంల లేనంటే బండి ఆగాలె. నేను సచ్చిన్నో, చాయ్ తాగబోయిన్నో నీకెందుకు? ఆగాలె." ఇక మూడోది అన్నిటికంటే పెద్దది. చుట్టూ ఎంతమంది ఉన్నా సరే, చెప్పే నోరు ఒక్కటే ఉండాలి. రెండో నోరు లేచిందంటే దిమ్మ చంకలో పెట్టుకొని ఇంటికి పోయేవాడు. ఒకసారి ఒక పెద్ద లీడర్ తన కారును తానే "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటుంటే చాచా నడిబజార్లో ఆయన్ను వదిలేసి వచ్చాడు. లీడర్ మనుషులు వెనకాలే పరుగెత్తుకొచ్చారు. "ఆయన నోరు సల్లబడ్డంక వస్త" అన్నాడు చాచా.

ఇప్పుడు ఆలోచించండి, అటువంటి మనిషి తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజుల్లో ఎట్లా బతికి ఉంటాడో! ఒక్క నోరు మూతపడిన దినముందా ఆ రోజుల్లో? బడి పిల్లలు అన్నం తినే ముందు కూడా నినాదం ఇచ్చేవాళ్ళు. నేను సమ్మెలో ఉన్న పంతులమ్మను, రోజూ టెంటు కింద కూర్చొని గొంతు బొంగురు చేసుకొని ఇంటికి వచ్చేదాన్ని. మా ఆయన ఊళ్ళో లేడు, హైదరాబాదులో సమ్మె పనుల మీద తిరుగుతున్నాడు. ఇంట్లో నేనూ, మా అత్తమ్మ.

అప్పుడు వచ్చింది ఇల్లుబండి.

ఇల్లుబండి అంటే పాటల దళం వాళ్ళ బండి. పాత బస్సు డొక్కును తెచ్చి, బస్సు ఇరుసు మీదనే ట్రాలీలాగా కూర్చోబెట్టి, ముందు ట్రాక్టర్ తగిలించారు. లోపల పడుకోవడానికి బల్లలు, ఒక మూలన స్టవ్వు, డప్పులు, జనరేటరు, సౌండు డబ్బాలు. ఒక పక్క గోడ విప్పితే అదే కిందికి వాలి స్టేజీ అయ్యేది. పదకొండు మంది కళాకారులు అందులోనే తిని, అందులోనే పడుకొని ఊరూరూ తిరిగేవాళ్ళు. ఇనుప రేకులతో అది ఏనుగంత బరువుండేది. నెత్తిమీద మైకు హారన్ల కోసం ఒక ఇనుప చట్రం, అదీ వెల్డింగ్ చేసి అతికించింది.

మర్నాడు సాయంత్రం భూపాలపల్లిలో ఆట. బొగ్గుబావుల క్వార్టర్ల దగ్గర గ్రౌండు ఊడ్చి పెట్టుకొని కార్మికులు ఎదురుచూస్తున్నారు. వాళ్ళు సమ్మెకు దిగి చాలా రోజులైంది, ఇండ్లలో పొయ్యిలు సరిగ్గా వెలగడం లేదు, జనం మెత్తబడుతున్నారు, మీరు రావాలి అని కబురు మీద కబురు. ఇక్కడ మానుకోటలో చూస్తే ఆ వారం రోడ్డు మీద కనపడిన ప్రచారం బండినల్లా పోలీసులు ఆపి ఠాణా ముందు పెట్టిస్తున్నారు. ఇల్లుబండి వాళ్ళ కంట పడిందంటే భూపాలపల్లి ఆట లేనట్టే. కాబట్టి ఒక పగలూ రాత్రీ దాన్ని ఎక్కడైనా దాచాలి, గేటు మూసేయాలి. వాడకట్టులో గేటూ, ఇంటి పక్కన ఖాళీ జాగా ఉన్నది మా ఒక్కరికే. నేను ఏ మాత్రం ఆలోచించకుండా "తీసుకరండి" అన్నాను.

అత్తమ్మను అడగలేదు.

మా జాగా పేరుకు జాగా గాని, ఒక పక్క ఇల్లు, ఇంకో పక్క నీళ్ళ హౌజు, నడుమ ఇల్లుబండికి అటు జానెడు ఇటు జానెడు. మధ్యాహ్నం మూడింటికి బండి సందులోకి వచ్చింది. ట్రాక్టర్ నడిపేది గంగారం దిక్కు మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి, అడవిలో వెదురు లోడు నడిపిన చెయ్యే, కానీ ఇంత పొడుగు డొక్కును వెనక్కి నెట్టిన అలవాటు లేదు. ట్రాలీని వెనక్కి పంపేటప్పుడు అది ఎటు తిరగాలో ట్రాక్టర్‌ను దానికి ఎదురు దిక్కు తిప్పాలి. అదొక్కటే కష్టమనుకుంటే దానికి తోడు మా వాడకట్టు మొత్తం దిగింది. ఉద్యమం కదా, ప్రతి ఒక్కరికీ బాధ్యత! స్టీరింగ్ కొయ్యి కొయ్యి అని ఒకరు, సీదా చెయ్యి అని ఒకరు, నడుమ ఎవరో జై తెలంగాణ అంటే మిగతా అందరూ జై అన్నారు. ఆ జై విని డ్రైవర్ బ్రేకు వేశాడో, క్లచ్చు వదిలాడో తెలియదు గానీ ట్రాక్టర్ ఒక దిక్కు, డొక్కు ఒక దిక్కు తిరిగి మడతపడి గేటు నడుమ ఇరుక్కున్నాయి. సందు మొత్తం బందు. అదే సమయానికి మెయిన్ రోడ్డు మీద జీపు తిరుగుతోందని ఒకాయన పరుగున వచ్చి చెప్పాడు.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా చాచా ఇంటికి ఉరికాను.

ఆయన అన్నం తింటున్నాడు. "చాచా, బండి ఇరికింది, జీపు తిరుగుతాందట, లే!" అన్నాను. ఆయన లేవలేదు. "ఇరికిన బండి యాడికి పోతది బిడ్డా? కూసో" అని, ముద్ద తర్వాత ముద్ద తిని, పళ్ళెంలో చెయ్యి కడిగి, తువ్వాలతో మూతి తుడుచుకొని అప్పుడు దిమ్మ తీశాడు. ఆ అయిదు నిమిషాలూ నేను ఆయన మీద ఎంత కోపంగా ఉన్నానో చెప్పలేను. తర్వాత తెలిసింది, ఆయన కావాలనే తిన్నాడట. ఉరుక్కుంటూ వచ్చిన మనిషి మాట డ్రైవర్ వినడట, అడుగుల చప్పుడులోనే గాబరా తెలిసిపోతుందట.

వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. మూడు వేళ్ళ చెయ్యి పైకెత్తాడు. "ఇప్పటిసంది ఒక్క నోరు" అన్నాడు.

నమ్మండి నమ్మకపోండి, ఉద్యమం మొదలైన తర్వాత మా వాడకట్టు మొదటిసారి ఊరుకుంది. డప్పు కొట్టే అతను చేతిలోని పుల్లలను కూడా జేబులో పెట్టుకున్నాడు.

ముందు డ్రైవర్‌ను దింపి తిప్పాడు. "ఇది హౌజు దిక్కు. ఇది వదినె దిక్కు." వదినె అంటే మా అత్తమ్మ. ఆమె వంటింటి కిటికీ దగ్గర చేతులు కట్టుకొని నిలబడి ఉంది. ఆ మొహం చూస్తే తెలుస్తోంది, అక్కడొక గోడ ఉన్నట్టే లెక్క. చాచా సీసాలోంచి కొన్ని నీళ్ళు నేల మీద పోసి అవి హౌజు దిక్కు పారడం చూసి తల ఊపాడు. ట్రాక్టర్‌కు అద్దం లేదు. నేను మా ఆయన గడ్డం గీసుకునే అద్దం తెచ్చిస్తే ట్రాక్టర్ మడ్‌గార్డుకు సుతిలితాడుతో కట్టాడు. "కనపడుతున్ననా?" "కనపడుతున్నవ్ చాచా." "నన్నే సూడు. బండిని సూడకు. బండిని నేను సూస్త."

ముందు ఆ మడత విప్పించాడు. ముంగటికి, ముంగటికి, బస్. మళ్ళీ వెనక్కి. "తోక హౌజు దిక్కు... రానియ్... రానియ్... ఆ బేటా... ఇగ తోక వదినె దిక్కు... జర... జర... బస్." అరవడు. నిద్రపోయే పిల్లను తట్టి లేపే గొంతు. ఆ గొంతుకు అంత పెద్ద ఇనుప డొక్కు ఎంత బుద్ధిగా కదిలిందో! ఎవ్వరం ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. సగం లోపలికి వచ్చింది. ముప్పావు వచ్చింది. అప్పుడు ఆయన ఎందుకో పైకి చూసి మూడు వేళ్ళూ ఎత్తాడు.

సజ్జ.

మా మామగారు వాన నీళ్ళకు భయపడి ఇంటి పునాది బాగా ఎత్తు వేయించారు. అందువల్ల వంటింటి కిటికీ మీద బయటికి వచ్చిన సజ్జ కూడా ఎత్తులోనే ఉంది. డొక్కు దాని కింద పడుతుంది, కానీ నెత్తిమీది ఇనుప చట్రం పట్టదు. మేమందరం చక్రాలు చూస్తున్నాం గానీ పైకి చూసిన వాళ్ళం లేము. చాచా తువ్వాల పరిచి సజ్జ కింద వెల్లకిలా పడుకున్నాడు. చాలాసేపు చూశాడు. "రెండు వేళ్ళ మందం తక్కువున్నది" అన్నాడు.

అత్తమ్మ ఇంతసేపూ ఆపుకున్నదంతా అప్పుడు బయటికి వచ్చింది. "భాయ్, గా సజ్జ మీ అన్న పోయించింది. ఇరవై రోజులు పొద్దుమాపు తానే నీళ్ళు కొట్టిండు. ఆయన చేతిది నాకు మిగిలింది గదొక్కటే. తెలంగాణ రావాలె గని నా సజ్జ మీదికెల్లి రావొద్దు!"

ఎవరికీ నవ్వు రాలేదు. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. కళాకారుల్లో పెద్దమ్మాయి నా చెయ్యి గిల్లి "అక్కా, తీసేసుకొని పోతం, ఇంకో జాగ సూసుకుంటం" అన్నది. ఇంకో జాగా లేదు. అది ఆమెకూ తెలుసు.

చాచా పడుకున్న చోటి నుంచే అడిగాడు. "వదినె, సజ్జకు సున్నం గిట్ల గీరుకపోయినా సరే, నేనీ పని మల్ల చెయ్య. ఈ దిమ్మ నీ పొయ్యిల పెట్టుకో. నమ్ముతవా?"

అత్తమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ముక్కు చీది కిటికీ రెక్కలు లోపలికి తీసుకుంది. అంటే కానివ్వమనే.

ఆయన లేచి జనాన్ని చూశాడు. "ఎంతమందున్నరు?" మగవాళ్ళే ముప్పై మంది దాకా ఉన్నారు. "ఎక్కుండ్రి. అందరెక్కి కింద కూసోండ్రి. మాట్లాడొద్దు, కదలొద్దు." మాకు ముందు అర్థం కాలేదు. వాళ్ళు ఒక్కొక్కరే ఎక్కుతుంటే బస్సు ఇరుసు కింద స్ప్రింగుల్లా ఉండే కమాన్ పట్టీలు కిర్రుమంటూ వంగడం మొదలైంది. డొక్కు నెమ్మదిగా, కళ్ళ ముందే కిందికి దిగింది. మిర్చి లారీలకు ఎత్తు తక్కువ షెడ్డు వస్తే, ఖాళీ బండి పట్టనిచోట లోడు బండి పట్టడం ఆయన యార్డులో ఎన్నిసార్లు చూశాడో. మాకు తట్టనిది అది. అంతమంది ఉద్యమకారులు నోరు మూసుకొని, మోకాళ్ళు దగ్గరికి లాక్కొని, మిర్చి బస్తాల్లాగా కూర్చున్నారు. "రానియ్" అన్నాడు చాచా. చట్రం సజ్జ కిందికి వచ్చింది. పోస్టుకార్డు పట్టేంత సందు. "రానియ్... రానియ్... రానియ్..." చట్రం అవతలికి పోయింది. "బస్."

దిమ్మ టైరు కిందికి తన్నాడు. గేటు మూశాం. ఎగిరి గంతులేయాలని ఉంది, నినాదాలివ్వాలని ఉంది, కానీ జీపు తిరుగుతోంది కదా! మేమంతా ఒకరి భుజాలు ఒకరం గుద్దుకుంటూ, చప్పుడు చేయకుండా నవ్వుకున్నాం. అంత సంతోషాన్ని అట్లా నోట్లోనే పెట్టుకోవడం నా జన్మలో మళ్ళీ జరగలేదు.

చాయ్ అప్పుడు తాగాడు. గ్లాసు పట్టుకున్న ఆ మూడు వేళ్ళ చెయ్యిని నేను చూస్తున్నానని గమనించి తానే చెప్పాడు. "రైస్ మిల్లుల లారీ ఎన్కకు వస్తాంది. గోడకు, బండికి నడిమిట్ల దిమ్మ పెడుతున్న. నేను బస్ అన్న. ఎవడో రానియ్ అన్నడు. బండి నడిపే ఉస్తాద్‌కు వానిది ఇనపడ్డది." గ్లాసు కింద పెట్టాడు. "రెండు నోర్లు. రెండు వేళ్ళు. గంతే బిడ్డా. అప్పటిసంది ఇంకొకల నోటికి బండి ఇయ్యలే."

ఆ సాయంత్రం నేనొక తప్పు చేశాను. కళాకారులు నాలుగు రోజుల నుంచి సరిగ్గా స్నానాలు చేయలేదంటే, హౌజు నిండా నీళ్ళున్నాయి పోసుకోండి అన్నాను. పదకొండు మంది తృప్తిగా పోసుకున్నారు. బట్టలు కూడా ఉతుక్కున్నారు.

తెల్లవారి చూస్తే హౌజు దిక్కు చక్రం తడి నేలలోకి కుంగి ఉంది. డొక్కు అటు ఒరిగి, ఇటు సజ్జ దిక్కు పైకి లేచింది. నిన్నటి ముప్పై మంది ఎక్కినా చాలేటట్టు లేదు. అసలు వాళ్ళేరీ? పొద్దు పొడవకముందే రైలు పట్టాల మీద కూర్చోవడానికి పోయారు. వాడకట్టులో మిగిలింది ఆడవాళ్ళం. అప్పుడే కబురు వచ్చింది, జీపు స్టేషన్ దిక్కు పోయింది, అరగంట దాకా రాదు, ఇప్పుడు పోతేనే పోయినట్టు. డ్రైవర్‌కు కళాకారులు గట్టిగా చెప్పారు, గేటు దాటినాక ఎవరు పిలిచినా ఆగొద్దు, పక్క రోడ్డు పట్టుకొని ఊరు దాటేదాకా పోవాలె అని.

చాచా వచ్చి చక్రం చూశాడు, హౌజు చూశాడు, నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను. తిట్టలేదు. "ఆడోళ్ళను పిలువు" అన్నాడు.

పిలిచాను. చేతిలో చీపురున్నది చీపురుతోనే వచ్చింది, తలకు నూనె పెట్టుకున్నది జడ వేసుకోకుండానే వచ్చింది. ఇరవై నాలుగు మందిమి లెక్క తేలింది, పదకొండు మంది కళాకారులు కాకుండా. "బరువు సాలదేమో చాచా" అంటే వెనకనుంచి ఒకావిడ "నన్ను చూసి మాట్లాడు" అన్నది. అత్తమ్మ వాకిట్లోనే నిలబడి సజ్జనూ బండినీ మార్చి మార్చి చూస్తోంది. ఏమనుకుందో, కొంగు నడుముకు చెక్కి, ఎవరి చెయ్యీ అందుకోకుండా తానే ఎక్కింది. "నా సజ్జ, నేనే కాపాడుకుంట" అన్నది.

అందరూ సజ్జ దిక్కే కూర్చోవాలి. అప్పుడే అటువైపు దిగుతుంది. చక్రం గుంతలోంచి లేచేటప్పుడు బండి ఊగుతుంది. అప్పుడు భయపడి ఎవరైనా హౌజు దిక్కు జరిగారంటే చట్రం పోయి సజ్జకు తగులుతుంది. ఒకసారి కొంచెం కదిలించి చూశాడు. అంతే, లోపల కెవ్వుమని అందరూ అటు ఒరిగారు. చట్రం సజ్జకు వెంట్రుక దూరంలో ఆగింది. చాచా మొహం నేనెప్పుడూ అట్లా చూడలేదు. లోపల మనిషి ఉండాలి. వీళ్ళను లోడు సర్దినట్టు సర్ది, పట్టి ఉంచే మనిషి. ఆ పని వచ్చినవాడు అక్కడ ఒక్కడే ఉన్నాడు. బయట చెప్పే పని వచ్చినవాడు కూడా ఆ ఒక్కడే.

నా దగ్గరికి వచ్చాడు. "నువ్వు చెప్పాలె బిడ్డా."

"నేనా? నాకు రాదు చాచా!"

"నిన్న సూసినవ్ గదా. పిల్లలకు పాఠం చెప్తవ్, ఒక్క మాట పదిసార్లు చెప్పుడు నీకు అలవాటే. ఆడ, గేటు కాడ నిలవడు. నీ మొకం వానికి కనపడాలె. సజ్జ నీకు కనపడాలె. ఇప్పటిసంది నోరు నీది." చంకలోని దిమ్మను నా చేతుల్లో పెట్టి, ఎక్కి తలుపు వేసుకున్నాడు.

ఎన్నేళ్ళ తర్వాత ఆయన ఇంకొకరి నోటికి బండి ఇచ్చాడో నాకు తెలుసు. ఆ ఇచ్చింది ముందు రోజు సాయంత్రం నేల తడిపిన నాకు! చెయ్యి ఎత్తాను. నోరు తెరిస్తే మాట రాలేదు. రెండోసారి వచ్చింది. "రానియ్."

చక్రం లేచింది. బండి ఊగింది. లోపల్నుంచి చాచా గొంతు, మెల్లగా, "కూసోండ్రి... కూసోండ్రి..." ఈసారి ఎవరూ కెవ్వుమనలేదు. చట్రం సజ్జ కిందికి వచ్చింది. నిన్న పోస్టుకార్డు, ఇవాళ ఏమీ కనపడడం లేదు, వెలుతురు గీత మాత్రం సన్నగా. నేను రెప్ప వేయలేదు. "రానియ్... జర హౌజు దిక్కు... రానియ్..." నా గొంతు నాకే ఇంకొకరిదిలా వినపడింది. ఆ వెలుతురు గీత మాయం కాలేదు. మాయం కాలేదు. చట్రం ఇవతలికి వచ్చేసింది! సున్నం పొడి కూడా రాలలేదు! బండి గేటు దాటి, తోక తిప్పుకొని సందులో నిలబడింది. నేను దిమ్మను రెండు చేతులతో నెత్తిమీదికెత్తి ఎగిరాను, చిన్నపిల్లలాగా, ఏడుస్తూ నవ్వుతూ ఎగిరాను.

బండి పోయింది. సందు మలుపు తిరిగి కనపడకుండా పోయాక నాకు బుద్ధి తెలిసింది. లోపలివాళ్ళను దిగమని చెప్పాల్సిన నోరు నాదే. నేను చెప్పలేదు. డ్రైవర్‌ను ఆగొద్దన్నారు, అతను ఆగలేదు. మాట్లాడొద్దన్నారు, వాళ్ళు మాట్లాడలేదు. మా అత్తమ్మతో సహా వాడకట్టు ఆడవాళ్ళందరూ, చాచా, కళాకారులు, అందరూ పోయారు. ఇరవై మూడు ఇండ్ల పొయ్యిల మీద ఏమున్నాయో చూసుకుంటూ ఇల్లిల్లూ తిరిగి మంట ఆర్పింది నేను.

ఊరు దాటాక ఆగిందట. చిన్న పిల్లల తల్లులు ఏడుగురు దిగి, నవ్వుకుంటూ నడిచి వచ్చారు. మిగతావాళ్ళు దిగలేదు. మధ్యాహ్నం ఎవరి ఫోనో తీసుకొని అత్తమ్మ చేసింది. "దిగమని నువ్వే చెప్పకపోతివి" అన్నది నాతో, తప్పంతా నాదే అన్నట్టు. వెనక నవ్వులు. సజ్జ సంగతి అడిగితే చెప్పాను, గీత కూడా పడలేదని. అది విని "పప్పు తాలింపు పెట్టుకో, మాడగొట్టకు" అన్నది.

బస్సులు సమ్మెలో ఉన్నాయి. నేను పోలేకపోయాను. సాయంత్రం వాకిట్లో ఫోన్ పట్టుకొని కూర్చున్నాను. బండి చేరిందా, గ్రౌండులోకి పట్టిందా, జనం వచ్చారా, ఏమీ తెలియదు. ఆరున్నరకు మోగింది. అవతల డప్పులు. వేలమంది గొంతుల హోరు. అత్తమ్మ గట్టిగా అరుస్తోంది, "గ్రౌండు సాలుతలేదే! క్వార్టర్ల మీదికెల్లి, చెట్ల మీదికెల్లి సూస్తాండ్రు! ఇగో, భాయ్ మాట్లాడుతడట."

"బిడ్డా" అన్నాడు చాచా. ఆ గొంతు రోజూ వినేది కాదు. అరుస్తున్నాడు ఆయన కూడా. "ఈడ మస్తు జాగుండె. బండి ఎవడు పెట్టినా పడతది. నాతోని పనే పడలే."

"మరి ఏం చేస్తున్నవ్ చాచా?"

"కూసున్న. ముంగటి వరుసల, మీ అత్తమ్మ పక్కపొంటి. గిన్నేండ్లల ఎన్ని మీటింగులకు జనాన్ని దింపిన్నో బిడ్డా, బండి కాడ్నే ఉంటి. ఒక్కటి సుత కూసోని సూడలే."

బండిని అట్లా వదిలేస్తే ఎట్లా, ఎవరన్నా చూస్తున్నారా అని ఏదో అడగబోయాను.

"ఇగ పెట్టెయ్ బిడ్డా, పెట్టెయ్" అన్నాడు చాచా. "పాట మొదలైతాంది."